నంబరు లేని పేజీ

పదకొండో భాగం

“పద్నాలుగు,” అంది కోడలు, పేజీ మూల మీద వేలు పెట్టి. ఆకు తిప్పింది. “ఇదుగో, దీనికి నంబరు లేదు. వెనక వైపూ లేదు. ఆ తర్వాత పదిహేను. మధ్యలో ఇదెక్కణ్ణుంచి ఊడిపడింది మావయ్యా?”

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మసకేమీ లేదు దాని మీద.

కోడలు ఇంకా నర్సు బట్టల్లోనే ఉంది. డ్యూటీ మధ్యలో బడివాళ్ళు ఫోన్ చేస్తే అటు పరిగెత్తి, అక్కణ్ణుంచి నేరుగా ఇంటికొచ్చింది. భుజం మీద సంచీ కూడా దించలేదు. వస్తూనే పిల్లల అరలోంచి ఆ బొమ్మల పుస్తకం లాగి ఆయన ముందు పడేసింది.

“అచ్చులో పొరపాటై ఉంటుందమ్మా. ఒక్కోసారి ప్రెస్సువాళ్ళు...”

“ప్రెస్సువాళ్ళ పొరపాటులో అత్తయ్య గెడ్డం మీది పుట్టుమచ్చ కూడా అచ్చవుతుందా?”

పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇవాళ క్లాసులో ఇదే పుస్తకం చదివారు,” అంది కోడలు. “అమ్మమ్మలూ, నానమ్మలూ, వానా, గాలీ, మన్నూ, విత్తనాలూ. గాలి నానమ్మ పేజీ అవగానే మన గువ్వ బెంచీ ఎక్కి నిలబడి, ‘ఇప్పుడు మా నానమ్మ వస్తుంది చూడండి’ అందట. టీచరు పేజీ తిప్పింది. ఎవరూ రాలేదు. క్లాసు క్లాసంతా గొల్లుమన్నారు. మరి మీ మనవరాలు ఊరుకుంటుందా? ‘మా నానమ్మ పేజీ చింపి దాచుకుంది, టీచరు దొంగ’ అంది. నలభైమంది పిల్లల ముందు!”

“అయ్యో.”

“అప్పుడే అయ్యో అనకండి. నేనేం చేశానో వినండి. పిల్ల తరఫున ఒంటికాలి మీద లేచాను. మా ఇంట్లో పుస్తకం నిక్షేపంగా ఉంది, మీదే చిరిగింది, చూసుకోండి అన్నాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఒక్కో పేజీ తిప్పి నంబర్లు చూపించింది. పదమూడు, పద్నాలుగు, పదిహేను. ‘మీ పుస్తకం ఓసారి తెస్తారా అమ్మా’ అని అడిగింది, మర్యాదగానే. నాకు తల కొట్టేసినట్టయింది.”

గది మూలన కుట్టుమిషను ఆగింది.

అంతసేపూ అది ఆడుతున్న సంగతి పెద్దాయనకి ఆగాకే తెలిసింది. మిషను దగ్గర వియ్యపురాలు వెనక్కి తిరగలేదు. చక్రం మీద చెయ్యి వేసి, అలాగే ఉంది.

“రేపు పొద్దున బెల్లు కొట్టగానే గువ్వ అందరి ముందూ టీచరుకి క్షమాపణ చెప్పాలి,” అంది కోడలు. “చెప్పనంటోంది. చచ్చినా చెప్పదట. నానమ్మ పేజీ ఉంది కాబట్టి తను అబద్ధం ఆడలేదట. నిజమే, ఉంది. ఇదుగో ఉంది. చెప్పండి మావయ్యా, ఎవరు పెట్టారు?”

“నేనే,” అన్నాడు పెద్దాయన.

*

నలభై ఏళ్ళు గ్రంథాలయానికి పుస్తకాలు బైండు చేసిన చెయ్యి ఆయనది. వెన్ను విరిగినవీ, అట్టలు ఊడినవీ, చెదలు తిని వదిలినవీ ఎన్నో ఆ చేతి కింద లేచి కూర్చున్నాయి. కానీ లేని పేజీని ఉన్న పుస్తకంలో పెట్టడం మాత్రం ఆ ఒక్కసారే.

భార్య పోయిన ఆరు నెలలకి చేశాడు. చిన్న మనవరాలు అప్పటికే నానమ్మ ముఖం మరిచిపోతోంది. ఫోటో చూపిస్తే ‘ఈవిడెవరు’ అంది. ఆ మధ్యాహ్నమే ఆయన ఈ బొమ్మల పుస్తకం కొత్తది కొని, బోర్డులు రాసే పాత స్నేహితుడి దగ్గరికి వెళ్ళాడు. ఇందులో బొమ్మలు ఎలా ఉన్నాయో అలాగే ఒక్కటి వెయ్యరా అన్నాడు. కాగితం మరీ తెల్లగా ఉంటే టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టాడు. పుస్తకం వెన్ను దారం విప్పి, కొత్త ఆకుకి సన్నటి కాగితపు పట్టీ అతికించి, పాత సూది రంధ్రాల్లోంచే మళ్ళీ కుట్టాడు. కొత్త రంధ్రం ఒక్కటీ పడలేదు.

పేజీ నంబరు వెయ్యబోయి ఆగాడు. ఏ నంబరు వేసినా వెనకాల ఉన్నవాళ్ళ నంబర్లన్నీ మారాలి. ఆమె బస్సులో కూడా పక్కవాళ్ళని జరగమని అడిగే మనిషి కాదు.

బొమ్మలో ఆమె ఉంది. దారంతో మెడకి కట్టుకున్న కళ్ళజోడు, గెడ్డం మీద పుట్టుమచ్చ, వంగిన నడుము. వాన వెలిశాక వీధిలోకొచ్చి, దారి దాటుతున్న నత్తల్ని ఒక్కొక్కటిగా ఎత్తి ఆకుల కింద పెడుతోంది. నిజంగానే ఆమె చేసిన పని అది. వీధి వీధంతా నవ్వేది.

కింద నాలుగు వాక్యాలు ఆయన రాసుకున్నవి:

*వాన వెలిసింది. నత్తల నానమ్మ దారి మీదికొచ్చింది. ‘చూసి నడవండి, ఇంటిని మోసుకుంటూ వెళ్ళేవాళ్ళున్నారు’ అంది. ఒక్కొక్కరినీ ఎత్తి ఆకు నీడలో దింపింది.*

*

“అన్నయ్యగారూ, ఒక్క మాట,” అంది వియ్యపురాలు, ఇంకా గోడవైపే చూస్తూ. “ఆ నాలుగు ముక్కలూ మీరు రాసినవేనా?”

“అవును చెల్లెమ్మా.”

“అంటే ఏడాది నుంచీ మీ మాటలు నా చేత చదివిస్తున్నారన్నమాట.”

“అమ్మా, నువ్వు మధ్యలో రాకు,” అంది కోడలు.

“నేనెప్పుడొచ్చాను మధ్యలోకి? నేను ఓ పక్కనే ఉన్నాను, నా ఖర్మకి.” ఆమె అప్పుడు తిరిగింది. వేళ్ళ మధ్య సూది ఉంది. “వదిన పోయిందని కబురు రాగానే నా దుకాణానికి తాళం వేసి వచ్చాను. పదహారేళ్ళు నడిపిన దుకాణం. ఎందుకొచ్చాను? ఈ పిల్లలకి స్నానాలు చేయించాలి, బడికి పంపాలి, వచ్చాక పుస్తకం చదవాలి. చదివాను. ఆ పేజీ వస్తే మూడుసార్లు చదవాలి, లేకపోతే చిన్నది కాళ్ళు నేలకేసి కొడుతుంది. ఒకరోజు అదే అడిగింది, ‘అమ్మమ్మా, నువ్వెక్కడ ఇందులో’ అని. ఏమన్నానో తెలుసా?”

సూదిని చీర కొంగుకి గుచ్చింది.

“‘అందరూ పుస్తకాల్లోకి ఎక్కరమ్మా, గొప్పవాళ్ళే ఎక్కుతారు’ అన్నాను. నిజమే అనుకున్నాను మరి. వదినని ఎవరో చూసి, మెచ్చుకుని, అచ్చేశారనుకున్నాను. లోపల కొంచెం కుళ్ళుకున్నాను కూడా. చెప్పుకోడానికి సిగ్గెందుకు? ఆమె నత్తలెత్తితే పుస్తకంలో పడింది, నేను ఇద్దరు పిల్లల్ని ఎత్తుకు తిరిగితే నడుం పట్టేసింది, అంతే కదా అనుకున్నాను.”



ఆమెకి తెలియనిది ఇంకొకటుంది. రోజూ సాయంత్రం నాలుగున్నరకి, ఆమె పిల్లల్ని చెరోపక్కా కూర్చోబెట్టుకుని చదివే వేళకి, ఆయన పక్కగదిలో తలుపు ఓరగా వేసుకుని కూర్చునేవాడు. నత్తల నానమ్మ దారి మీదికొచ్చింది, అని ఆ గొంతు చదవగానే కళ్ళు మూసుకునేవాడు. రోజంతటిలో ఆయనకి దొరికే మేలు ఆ ఒక్క నిమిషమే. అది ఎవరి గొంతుతో దొరుకుతోందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

“తప్పయింది చెల్లెమ్మా.”

“నాకెందుకు చెబుతారు? వెళ్ళి పిల్లకి చెప్పండి. రేపు నలుగురిలో అబద్ధాలకోరనిపించుకునేది అది.”

మళ్ళీ మిషను వైపు తిరిగింది. ఆయన లేచేసరికి బల్ల అంచున టీ గ్లాసు కనిపించింది. ఎప్పుడు పెట్టిందో, చల్లారకుండా దాని మీద మూత బోర్లించి ఉంది. చక్కెర లేని టీ. అంత కోపంలోనూ ఆయన ఒంట్లో చక్కెర సంగతి మరిచిపోలేదు మనిషి.

*

పెరట్లో నీళ్ళ డ్రమ్ముకీ గోడకీ మధ్య సందులో ఉంది గువ్వ. ఎనిమిదేళ్ళ పిల్ల ఎలా దూరిందో అందులో. చిన్నది బయట పీట వేసుకుని కాపలా కూర్చుంది.

“ఎవరినీ రానివ్వద్దంది అక్క,” అంది చిన్నది.

“నన్ను కూడానా?”

చిన్నది సందులోకి వంగి, “తాతని కూడానా?” అని అడిగింది. కాసేపటికి తీర్పు చెప్పింది. “తాత రావచ్చట. అమ్మ రాకూడదట. టీచరు అసలు రాకూడదట.”

పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని గోడవారగా కూలబడ్డాడు. సందులోంచి ఒక మోకాలు, మేజోడు జారిన ఒక కాలు కనిపిస్తున్నాయి.

“గువ్వా.”

“నేను క్షమాపణ చెప్పను.”

“చెప్పొద్దులే. నేను చెప్పేది విను. ఆ పేజీ ఉంది చూశావూ...”

“తాతా, అందరూ నవ్వారు.” గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. “మా నానమ్మ పుస్తకంలో ఉంది, మీ నానమ్మలు లేరు అని నేను మొన్నే చెప్పేశాను అందరికీ. ఇవాళ లేదు. మేడమ్ చింపేసింది. ఎంత బాగా చింపిందంటే, చిరిగినట్టు కూడా లేదు.”

పెద్దాయన జారిన మేజోడు పైకి లాగాడు.

“నాకో ఉపాయం వచ్చింది,” అంది గువ్వ. మోకాలు వెనక్కి పోయి, దాని చోట ముఖం వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. “నువ్వు బైండింగు చేస్తావు కదా. మన పుస్తకంలో నానమ్మ పేజీ చూసి, అలాంటిదే ఇంకోటి చేసి, మేడమ్ పుస్తకంలో అతికించు. అప్పుడు అందరికీ కనిపిస్తుంది. నీకు వచ్చుగా!”

“వచ్చు,” అన్నాడు ఆయన, తెలియకుండానే.

“అతికించినట్టు తెలియకూడదు. ఎప్పట్నుంచో ఉన్నట్టుండాలి.”

“ఊఁ.”

“చేస్తావా?”

ఇప్పుడు చెప్పాలి. ఇంతకన్నా వీలైన క్షణం మళ్ళీ రాదని ఆయనకి తెలుసు. నోరు తెరిచాడు. పిల్ల ఆయన వేళ్ళ వైపు చూస్తోంది. జిగురు ఎండి పగిలిన ఆ వేళ్ళు చేయలేనిదేదీ లేదన్నట్టు చూస్తోంది. భార్య పోయాక తనని అలా చూసే కళ్ళు ఈ ఇంట్లో ఇవే.

“చూద్దాంలే,” అన్నాడు.

పెరటి తలుపు దగ్గర ఏదో అలికిడైంది. తిరిగి చూసేసరికి ఎవరూ లేరు. తీగ మీద ఆరేసిన బట్టలు సగం తీసి, సగం అలాగే వదిలేసి ఉన్నాయి.

*

లిఫ్టులు బాగుచేసే కొడుకు ఆ సాయంత్రం చేతులకి గ్రీజు మరకలతో వచ్చి, సబ్బు రెండుసార్లు రుద్దుకుని భోజనానికి కూర్చున్నాడు. భార్య చెబుతున్నదంతా తల వంచుకుని విన్నాడు. పిల్లలు అప్పటికే తిని పక్కెక్కారు.

“పిల్లకి చెప్పారా నాన్నా?”

“చెబుదామనే వెళ్ళాను.”

“వెళ్ళి?”

పెద్దాయన మంచినీళ్ళు తాగాడు.

“చెప్పలేదు,” అంది కోడలు. “ఇంకో పేజీ చేసిస్తానని ఒప్పుకుని వచ్చారట! చిన్నది చెప్పింది. రేపు మీ నాన్నగారు వెళ్ళి బడి పుస్తకాలన్నిటిలోనూ అత్తయ్యని కుట్టొస్తారు.”

“ఒప్పుకోలేదమ్మా. చూద్దాం అన్నాను.”

“పిల్లలకి చూద్దాం అంటే సరే అని. ఆ మాత్రం తెలియదా మీకు?”

“ఆయన్ని వదిలెయ్యి,” అన్నాడు కొడుకు.

“ఎందుకు వదలాలి? టీచరు ముందు నా ముఖం...”

“నాకు మొదట్నుంచీ తెలుసు.”

కోడలు చేతిలో గరిటె ఆగిపోయింది.

“పుస్తకం చూసిన రోజే తెలుసు,” అన్నాడు కొడుకు కంచం లోకే చూస్తూ. “చిన్నప్పుడు బడి అయ్యాక నాన్న బల్ల కిందే కూర్చునేవాణ్ణి. ఆ కుట్టు నాకు తెలియదా?”

“తెలిసి నాకు చెప్పలేదు.”

“ఏం చెప్పను? అమ్మ బాగుంది అందులో.”

అంతే. కోడలు గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేస్తుందనుకున్నారు, నెమ్మదిగా వేసింది. అదే ఎక్కువ భయం వేసింది ఇద్దరికీ.

వియ్యపురాలు తన కంచం తీసుకుని వంటింట్లోకి నడిచింది. పోతూ పోతూ, “నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట,” అంది. అల్లుడు ‘అత్తయ్యా’ అన్నాడు. ఆమె ఆగలేదు.

*

తెల్లవారుజామున జల్లు పడింది. వెలుగొచ్చాక పెద్దాయన ముందు గదిలోకి వచ్చేసరికి మిషను మీద దీపం వెలుగుతోంది. వియ్యపురాలు ఏదో విప్పుతోంది. దర్జీలు తప్పుకుట్లు విప్పే చిన్న కొక్కెం ఆమె చేతిలో ఉంది. బల్ల మీద బొమ్మల పుస్తకం వెల్లకిలా పడి ఉంది.

ఆయన రెండడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చాడు.

“కంగారు పడకండి. చింపలేదు.”

నిజమే, చింపలేదు. దారం ఒక్కో రంధ్రంలోంచీ లాగి, పట్టీని నీటి చుక్కతో తడిపి, ఆ ఒక్క ఆకునీ ఊడదీసింది. ఉతికిన గుడ్డ పరిచి, దాని మీద నత్తల నానమ్మని పెట్టింది. ముడుచుకోకుండా మూలలకి రెండు కత్తెరలు ఆనించింది. ఆయన చేసినా ఇంతకన్నా శుభ్రంగా చేసేవాడు కాదు.

“బడికి నేను తీసుకెళ్తాను దీన్ని,” అంది. “ఇది నేను పెట్టానని చెబుతాను.”

“మీరా?”

“ముసల్దానికి పనిలేక అతికించింది, పిల్లకేం తెలుసు, అని టీచరమ్మ నవ్వేసి ఊరుకుంటుంది. గువ్వ మీద మాట పోతుంది.”

“అది అబద్ధం కదా చెల్లెమ్మా.”

“నిజం మీరు చెబుతారా?” ఆమె తలెత్తింది. రాత్రంతా నిద్రపోయిన కళ్ళు కావవి. “నిన్న బట్టలు తీస్తూ విన్నాను. చూద్దాంలే అన్నారు. మీరు చెప్పారంటే ఆ పిల్లకి ఒక్క దెబ్బకి ఇద్దరు పోతారు. నానమ్మ పోతుంది, తాత పోతాడు. నేనైతే ఏం పోయింది? నేనెలాగూ ఏ పేజీలోనూ లేనిదాన్ని.”

“అలా అనకండి.”

“పోనీ ఎలా అనమంటారు?”

వద్దు, నేనే వస్తాను అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉంది. ఆమె ఎదురుచూసింది. పెద్దాయన ఆ విషయం స్పష్టంగా చూశాడు. ఒక్క క్షణం, కొక్కెం పట్టుకున్న చెయ్యి గాలిలో ఆపి, ఆమె ఆ మాట కోసం ఎదురుచూసింది.

“పిల్లకి చెప్పారా?” అని అడిగాడు ఆయన.

ఆమె కొక్కెం కింద పెట్టింది.

“దారిలో చెబుతాను,” అంది. ఆకుని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుని, పిల్లని లేపడానికి లోపలికి వెళ్ళింది.

*

ఎనిమిది కొట్టగానే ఇద్దరూ బయల్దేరారు. గువ్వ జడలు బిగించి, సంచీ తగిలించుకుని, గుమ్మంలో ఆగి తాత వైపు తిరిగి గుసగుసగా అడిగింది. “అమ్మమ్మ సంచీలో ఉందిగా పేజీ? మేడమ్ పుస్తకంలో అతికించడానికేగా?”

పెద్దాయన పిల్ల తల నిమిరాడు. దానికి అది చాలు. ఎగురుతూ మెట్లు దిగింది.

వీధంతా తడి తడిగా ఉంది. ఆయన గుమ్మంలో కూర్చుని చెప్పులు తొడుక్కోబోయాడు. ఎందుకో తనకే తెలియదు. ఎడమకాలి చెప్పు తొడిగి, ఆగి, వాళ్ళవైపు చూశాడు.

టైర్ల దుకాణం మలుపుదాకా అమ్మమ్మ చెయ్యి పట్టుకునే నడిచింది గువ్వ. దారి మీద నత్త కనిపించిన ప్రతిచోటా ఇద్దరూ ఆగారు. పిల్ల వంగి ఎత్తింది, పెద్దావిడ సంచీ చేత్తో పట్టుకుని నిలబడింది. రెండుసార్లు, మూడుసార్లు. మలుపు దగ్గర మాత్రం పెద్దావిడే వంగింది. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. ఎక్కువసేపు పట్టలేదు.

గువ్వ చెయ్యి విడిపించుకుంది.

“దొంగ!”

టైర్లకి గాలి కొడుతున్న మనిషి తలెత్తి చూశాడు. ఎదురింటి మేడ మీద కిటికీ తెరుచుకుంది. పిల్ల రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ అరిచింది. “నువ్వే దొంగవి! తాతతో చెబుతా!”

అని బడివైపు పరిగెత్తింది. వాన వెలిసిన దారిలో ఆ పిల్ల నేల చూడకుండా పరిగెత్తడం అదే మొదటిసారి.

వియ్యపురాలు కదల్లేదు. పిల్ల వదిలేసిన చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత ఆమె సంచీని ఛాతీకి అదుముకుని, వెనక్కి తిరిగి ఒక్కసారి ఇంటివైపు చూసింది. గుమ్మంలో కూర్చున్న మనిషి కనిపించాడో లేదో, మళ్ళీ బడిదారి పట్టింది, నత్తల్ని తప్పించుకుంటూ, నెమ్మదిగా.

బెల్లు కొట్టడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది. నడిస్తే పది నిమిషాల దారి.

పెద్దాయన ఎడమకాలికి చెప్పు ఉంది. రెండోది ఎక్కడుందో ఆయనకి తెలుసు. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది.